పదిహేను పాయింట్లు ఊరికే రావు

ఆస్ట్రేలియా 491 వీసా (ప్రభుత్వం 'రీజనల్' అని గుర్తించిన ప్రాంతాల్లోనే ఉండాలన్న షరతుతో నిపుణులకి ఇచ్చే అయిదేళ్ళ తాత్కాలిక వీసా) ప్రస్తావన తెలుగులో ఎక్కడ వచ్చినా, వీడియోల్లో గానీ కన్సల్టెన్సీ ఆఫీసుల్లో గానీ వాట్సాప్ గ్రూపుల్లో గానీ, ఒకటే పాట వినిపిస్తోంది: "రీజనల్ అంటే పదిహేను పాయింట్లు ఊరికే వస్తాయి. మూడేళ్ళు ఎక్కడో ఒకచోట కళ్ళు మూసుకుంటే పీఆర్ (శాశ్వత నివాసం)." ఇందులో నిజం 'ఊరికే' అన్న మాట ఒక్కటే, అదీ ఇంకో అర్థంలో. ఆ పదిహేనూ ఇచ్చేది ఊరి కోసం. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాని చోట మూడేళ్ళు ఉంటామని రాసిచ్చినందుకు ముందుగా ముట్టే బయానా అది.

బయానా తీసుకున్నాక రెండువైపులా బాధ్యత ఉండాలి కదా. ఈ ఒప్పందంలో అది లేదు. 491 మనిషిని ఊరికి కట్టేస్తుంది. ఆ ఊళ్ళో అతని చదువుకు తగ్గ పని చూపించే బాధ్యత మాత్రం ఎవరి మెడకీ చుట్టదు, నామినేట్ చేసిన రాష్ట్రానికీ, కంపెనీలకీ, కేంద్రానికీ. నా అభ్యంతరమంతా ఇక్కడే. వీసా వద్దని చెప్పడం లేదు. దాని ధర తెలిసి కొనుక్కోమంటున్నాను, ఆ ధర మొత్తం ఒక్కరి నెత్తినే ఎందుకు పడాలని అడుగుతున్నాను.

అనుభవం గడిలో పడే తప్పు

ముందు పాయింట్ల సంగతి. వయసు, చదువు, ఇంగ్లీషు, అనుభవం, ఒక్కోదానికీ ఇన్ని పాయింట్లని ఒక పట్టిక ఉంటుంది, దాన్నంతా తిరగరాయను. సాఫ్ట్‌వేర్ వాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది అనుభవం గడిలో.

కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసి 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన మనిషిని తీసుకోండి. 2025 నడుమకి ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ విదేశీ అనుభవానికి 15 పాయింట్లు కాబట్టి అతను 15 వేసుకుంటాడు. కానీ ఐటీ వాళ్ళ చదువునీ అనుభవాన్నీ అంచనా వేసే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ ఇచ్చే అసెస్‌మెంట్ లెటర్‌లో ఒక వాక్యం ఉంటుంది, ఫలానా నెల 'తర్వాత' చేసిన ఉద్యోగాన్నే తగిన స్థాయి పనిగా పరిగణిస్తామని. డిగ్రీకీ ఉద్యోగానికీ దగ్గరి సంబంధం ఉంటే రెండేళ్ళ కోత, సంబంధం తక్కువైతే నాలుగేళ్ళు. సివిల్, మెకానికల్ చదివి కోడింగ్‌లోకి వచ్చినవాళ్ళకి కోత ఆరేళ్ళ దాకా పోతుంది, పైగా రెండు ప్రాజెక్ట్ రిపోర్టులు రాసివ్వాలి. మన మనిషి లెక్క 2019 జూన్ తర్వాత మొదలవుతుంది. ఆరేళ్ళు, 10 పాయింట్లు.

ఈఓఐ (వీసాకి పిలవమని ఆన్‌లైన్‌లో పెట్టుకునే ఆసక్తి పత్రం) నింపేటప్పుడు ప్రతి ఉద్యోగం పక్కనా 'నామినేట్ చేసిన వృత్తికి సంబంధించినదేనా' అని అడుగుతుంది. అవును అంటే తారీఖులు చూసి సిస్టమ్ తనంతట తానే పాయింట్లు కలిపేస్తుంది. అసెస్‌మెంట్ లెటర్ సంగతి దానికి తెలీదు. ఒకే కంపెనీలో 2017 నుంచీ ఉన్నా సరే, ఆ ఉద్యోగాన్ని రెండు ఎంట్రీలుగా విడగొట్టాలి. కోతలో పోయిన ముక్కకి 'కాదు', మిగతాదానికి 'అవును'. చాలామంది ఒకే ఎంట్రీగా పెట్టేసి ఊరుకుంటారు.

అయిదు పాయింట్లు ఎక్కువ పడితే కొంప మునుగుతుందా? మునుగుతుంది. అర్హతకి 65 చాలు, నిజమే. కానీ వీసా ఇవ్వాలంటే ఇన్విటేషన్‌లో ఉన్న స్కోరు తగ్గకుండా రుజువవ్వాలి. 105 చూపించి పిలిపించుకున్నవాడికి అధికారి లెక్కలో 100 తేలితే, అది 65 కంటే ఎంత ఎక్కువైనా తిరస్కారమే. వీసా ఫీజు 2025–26 రేటు ప్రకారం ప్రధాన దరఖాస్తుదారుడికి 4,910 డాలర్లు, మన డబ్బులో రెండున్నర లక్షల పైమాటే. అది వెనక్కి రాదు.

ఇది తెలియక చేసే పొరపాటు. తెలిసి చేసేది వేరే ఉంది. అమీర్‌పేట సందుల్లో దొరికే 'అనుభవం' గురించి కొత్తగా చెప్పేదేముంది? దొంగ కాగితమని తేలితే మూడేళ్ళపాటు వేరే వీసాలకీ దారి మూసుకుపోతుంది. నిజంగా పనిచేసినవాళ్ళకే రుజువులు కష్టం. మన కంపెనీల హెచ్ఆర్ వాళ్ళు హోదా, చేరిన తేదీ, వదిలిన తేదీ రాసి సంతకం పెడతారు. చేసిన పనుల జాబితా రాయమంటే 'పాలసీ ఒప్పుకోదు' అంటారు. అప్పుడు పైఅధికారి చేతో తోటి ఉద్యోగి చేతో స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ రాయించుకుని, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయాలి. ఉద్యోగం మారే రోజునే ఇవన్నీ పోగేసుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

తెలుగొస్తే అయిదు

కాస్త పక్కదారి, అయినా చెప్పాలి. ఈ పట్టికలో తెలుగుకి అయిదు పాయింట్లున్నాయి. అనువాదకులకి గుర్తింపునిచ్చే నాటీ సంస్థ పెట్టే సీసీఎల్ అనే భాషా పరీక్ష తెలుగులోనూ ఉంది. రెండు సంభాషణలు, ఒక్కోటి సుమారు మూడు వందల మాటలు. ఒకరు ఇంగ్లీషులో, ఒకరు తెలుగులో మాట్లాడతారు, ముక్కముక్కకీ మనం అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. ఒక్కో సంభాషణకి 45 మార్కులు, ఒక్కోదాంట్లో కనీసం 29, మొత్తం మీద 90కి 63 రావాలి. 29, 29 తెచ్చుకుంటే 58, ఫెయిల్. ఒకటి బొటాబొటీగా గట్టెక్కితే రెండోదాంట్లో కనీసం 34 తెచ్చుకోవాలన్నమాట.

'మాతృభాషేగా' అని వెళ్ళినవాళ్ళు తడబడేది తెలుగులోనే. అద్దె ఇంటి తగాదా, ఇన్సూరెన్స్ క్లెయిమ్, ఆసుపత్రి సలహా, కోర్టు నోటీసు, ఇలాంటివే వస్తాయి. ఇంగ్లీషులో ఠక్కున అర్థమవుతుంది, నోటికి మాత్రం 'పూచీకత్తు', 'దుష్ప్రభావం', 'నష్టపరిహారం' అందవు. రోజంతా టెంగ్లిష్ మాట్లాడే నోరు కదా. పాత దినపత్రికలు నెల రోజులు పైకి చదవడం కంటే మంచి కోచింగ్ నాకు కనబడలేదు.

ఏ ఊరికి కడుతున్నారు

రీజనల్ అనగానే పొలాలూ గొర్రెలమందలూ ఊహించుకోనక్కర్లేదు. జనాభా ఇరవై లక్షలు దాటిన పెర్త్, అడిలైడ్, గోల్డ్ కోస్ట్, న్యూకాసిల్, వొలాంగాంగ్, జీలాంగ్, హోబర్ట్, చివరికి దేశ రాజధాని కాన్‌బెరా కూడా జాబితాలో రీజనలే. హద్దులు పోస్ట్‌కోడ్ ప్రకారం ఉంటాయి. వీసా మీద 8579 అనే షరతు పడుతుంది: నివాసం, పని, చదువు మూడూ రీజనల్ హద్దుల్లోనే. మెల్‌బోర్న్‌లో పెళ్ళికి వెళ్ళిరావచ్చు. జీలాంగ్‌లో ఇల్లు తీసుకుని, గంట దూరం రైలెక్కి రోజూ మెల్‌బోర్న్ ఆఫీసుకు పోతే మాత్రం ఉల్లంఘనే. 'ఉండేది రీజనల్‌లోనే కదా' అనే సమర్థన నిలబడదు.

190 వీసాతో పోల్చి చూడండి. అక్కడా రాష్ట్రమే నామినేట్ చేస్తుంది, అక్కడా రెండేళ్ళు ఉంటామని మాట ఇస్తాం. కానీ ఆ మాట వీసా షరతు కాదు, వచ్చేది నేరుగా పీఆర్. దానికి దక్కేది 5 పాయింట్లే. ఆ అయిదుకి, పదిహేనుకి నడుమ ఉన్న తేడా మన స్వేచ్ఛ ఖరీదు, అనుకుంటే కన్సల్టెన్సీ భాష సగం విడిపోతుంది: అయిదిస్తే మాట, పదిహేనిస్తే ముడి.

ఇప్పుడు ఉద్యోగాల దగ్గరికొద్దాం. కాన్‌బెరాలో ఐటీ పని బాగానే ఉంటుంది. అయితే అందులో పెద్ద వాటా కేంద్ర ప్రభుత్వ శాఖలదీ, వాటికి పనిచేసే కాంట్రాక్టర్లదీ. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో 'సెక్యూరిటీ క్లియరెన్స్ ఉండాలి' అని ఉంటుంది. ఆ క్లియరెన్స్‌కి పౌరసత్వం కావాలి. అడిలైడ్‌లో ఓస్బోర్న్ నౌకానిర్మాణ కేంద్రం చుట్టూ అల్లుకున్న రక్షణ రంగ కంపెనీలదీ ఇదే తంతు. అంటే ఒక చేత్తో 'మా ఊరికి ఇంజినీర్లు కావాలి, రండి' అని పిలుస్తున్నారు, ఇంకో చేత్తో ఆ ఊళ్ళోని మంచి ఇంజినీరు కొలువులకి గొళ్ళెం పెడుతున్నారు. రెండు చేతులూ ఒకే ప్రభుత్వానివి.

నర్సులకీ, టీచర్లకీ, నిర్మాణరంగం వాళ్ళకీ ఈ బాధ ఇంతగా ఉండదు. ఆసుపత్రి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. వాళ్ళకి 491 నిజంగానే మంచి బేరం. ముడి బిగుసుకునేది సాఫ్ట్‌వేర్, అకౌంటింగ్ లాంటి వృత్తులకి, మనవాళ్ళలో ఎక్కువమంది ఉన్నది అక్కడే.

తాత్కాలిక వీసా కావడం వల్ల వచ్చే చిన్న చిక్కులు కొన్ని ముందే తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు, కొద్ది మినహాయింపులు పోను, తాత్కాలిక వీసాదారులు పాత ఇల్లు కొనకూడదు. 491 ఈ లెక్కలోకే వస్తుంది. మూడేళ్ళు పూర్తి కాకుండా 189, 190, 186 లాంటి నేరుగా పీఆర్ ఇచ్చే వీసాలకు మారదామన్నా, అసాధారణ పరిస్థితి చూపిస్తే తప్ప కుదరదు. 'ముందు 491లో దిగుదాం, తర్వాత పాయింట్లు పెరిగితే మార్చుకుందాం' అనే సలహా ఇచ్చిన ఏజెంటును వెంటనే వదిలేయడం మంచిది.

ముడి వెయ్యకపోతే?

అటువైపు వాదన బలహీనమైనదేం కాదు. షరతు లేకపోతే అందరూ మెల్‌బోర్న్ చేరతారు, ఇంకెందుకు రీజనల్ కోటా? 2024–25లో రాష్ట్రాలకి మొదట పంచిన నామినేషన్లలో టాస్మేనియాకి 190, 491 కలిపి 2,860, జనాభాలో దానికి ఎన్నో రెట్లున్న క్వీన్స్‌లాండ్‌కి 1,200. చిన్న రాష్ట్రం అంత వాటా తెచ్చుకుని, వచ్చినవాళ్ళు ఆర్నెల్లకే విమానం ఎక్కేస్తే అడిగే హక్కు దానికి ఉండొద్దా?

పైగా 491లో ఒరిగేదీ ఉంది. తాత్కాలిక వీసా అయినా అక్కడి ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్ వర్తిస్తుంది. పౌరసత్వానికి కావాల్సిన నాలుగేళ్ళ నివాసంలో 491 మీద గడిపిన కాలం కూడా చేరుతుంది, చివరి ఏడాది పీఆర్ మీద ఉంటే చాలు. అంటే మూడేళ్ళూ వృథా పోయినట్టు కాదు. అన్నిటికంటే పెద్ద విషయం, యజమానికి కట్టలేదు. కంపెనీ స్పాన్సర్ చేసే 494లో ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఒక విడతకి 180 రోజులే గడువు. ఆ గడువు మెడ మీద వేలాడుతుంటే మేనేజర్ ఎన్ని మాటలన్నా పడాల్సిందే. 491 వాడు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి రావచ్చు.

నా వాదనలో నాకే అనుమానం వచ్చే చోటు ఇదే. ఊరికి కట్టేటప్పుడు ఉద్యోగాన్ని కూడా కట్టండి అంటే, తిరిగి తిరిగి మనిషిని యజమాని గుంజకి కట్టమన్నట్టే అవుతుందేమో. దీనికి జవాబు కెనడాలో కొంత దొరికింది.

డబ్బుతో వేసిన ముడి, పనితో వేసిన ముడి

కెనడాలో ప్రావిన్స్ నామినేట్ చేసినవాళ్ళకి పీఆర్ చేతికొచ్చాక ఎక్కడికైనా వెళ్ళే హక్కు ఉంది. రాజ్యాంగంలోని హక్కుల పత్రం, ఆరో సెక్షన్. దరఖాస్తు రోజున అక్కడ ఉండే ఉద్దేశం నిజంగా ఉంటే సరిపోతుంది. మరి మనుషుల్ని ఎలా నిలుపుకోవాలి? ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ వ్యాపారుల దగ్గర డబ్బుతో ప్రయత్నించింది. రెండు లక్షల డాలర్లు డిపాజిట్ కట్టాలి, ద్వీపంలో ఉండి వ్యాపారం నడిపి చూపిస్తే తిరిగిస్తారు. చాలామంది పీఆర్ తీసుకుని, డిపాజిట్ వదులుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకి అది వీసా ఫీజు కింద లెక్క. ఖాళీ దుకాణాలు మిగిలాయి, ఖజానాకి డబ్బు మిగిలింది. 2018 సెప్టెంబరులో ఆ పద్ధతికి స్వస్తి పలికారు.

ఆస్ట్రేలియా వ్యాపార వీసా 188 కథ వేరేగా నడిచి అదే గట్టుకి చేరింది. రాష్ట్ర నామినేషన్, 12.5 లక్షల డాలర్ల నికర ఆస్తి, 7.5 లక్షల డాలర్ల టర్నోవర్. మన వ్యాపారుల ఫైళ్ళు ఆగిపోయేది ఆస్తి రుజువు దగ్గర: స్థలం రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, అమ్మిన ధర ఇంకొకటి, నడుమ చేతులు మారిన నగదుకి కాగితం ఉండదు. కాగితం లేని డబ్బు అక్కడ డబ్బు కాదు. అన్నీ దాటి వెళ్ళినవాళ్ళయినా దేశానికి పెద్దగా ఒరగబెట్టలేదు, మిగతా నైపుణ్య వీసాల వాళ్ళతో పోలిస్తే వీళ్ళ వల్ల లాభం తక్కువ అని తేల్చి 2024 జూలై 31న కొత్త దరఖాస్తులు శాశ్వతంగా ఆపేశారు. ఇప్పటికీ 'ఆస్ట్రేలియా బిజినెస్ వీసా' బోర్డు పెట్టుకున్న ఆఫీసు కనబడితే, ఏ సబ్‌క్లాస్ అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

అదే కెనడా తూర్పు తీరంలో 2017లో ఇంకో ప్రయోగం మొదలైంది, 2022లో శాశ్వతమైంది. అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ ప్రోగ్రామ్. అందులో పరీక్ష ముందు యజమానికి. ప్రావిన్స్ గుర్తింపు తెచ్చుకోవాలి, పూర్తికాలపు ఉద్యోగం రాసివ్వాలి, వచ్చే కుటుంబానికి స్థిరపడే ప్రణాళిక తయారు చేయించాలి: బడి, ఇల్లు, భాషా తరగతులు, అన్నీ. ఉద్యోగికి దక్కేది పీఆరే. అతను తర్వాత వెళ్ళిపోదలిస్తే ఎవరూ ఆపలేరు. అయినా ఇలా వచ్చినవాళ్ళు అంతకు ముందరి పద్ధతుల్లో వచ్చినవాళ్ళ కంటే ఎక్కువగా నిలిచారని అక్కడి ప్రభుత్వ మూల్యాంకనంలోనే తేలింది. లోపాలు లేవని కాదు, ఉద్యోగ పత్రాల్ని అమ్ముకునేవాళ్ళు ప్రతి దేశంలోనూ తయారవుతారు. నాకు నచ్చిందల్లా బరువు ఎటువైపు పెట్టారన్నదే.

ఆస్ట్రేలియా అచ్చంగా అలాగే చేయనక్కర్లేదు. నామినేట్ చేసిన వృత్తిలో రెండేళ్ళు పనిచేసి చూపిస్తే మూడో ఏడాది షరతు ఎత్తేయొచ్చు. ఫలానా వృత్తికి నామినేషన్ ఇచ్చే రాష్ట్రం, గత మూడేళ్ళలో ఆ వృత్తిలో నామినేట్ చేసినవాళ్ళలో ఎందరికి అదే పని దొరికిందో ప్రకటించాలని నిబంధన పెట్టొచ్చు. ఈ రెండోది వస్తే చాలు, చాలా జాబితాలు వాటంతటవే చిక్కిపోతాయి.

మూడు నోటీసులు

అవేవీ రాకముందే వెళ్ళేవాళ్ళకి 191 సంగతి చెప్పాలి, ఎందుకంటే పీఆర్ చేతికొచ్చేది దాంతోనే. 491 మీద మూడేళ్ళు నిండాలి, షరతులు పాటించి ఉండాలి, మూడు ఆర్థిక సంవత్సరాలకి పన్నుల శాఖ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్లు ఉండాలి. ఇంత సంపాదించి తీరాలన్న కనీస ఆదాయం ప్రస్తుతం లేదు. అక్కడ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. మొదటి ఏడాది ఆలస్యంగా దిగి నాలుగు నెలలే పనిచేశారనుకోండి, ఆదాయం పన్ను పరిమితి లోపే ఉండి పన్ను పడకపోవచ్చు. 'పన్ను లేనప్పుడు రిటర్న్ దేనికి' అని వదిలేస్తే నోటీసు రాదు. మూడేళ్ళు నిండాక చూసుకుంటే చేతిలో రెండే ఉంటాయి. పన్ను సున్నా అయినా రిటర్న్ వెయ్యాలి.

వీసా అయిదేళ్ళ గడియారం గ్రాంట్ ఇచ్చిన రోజు నుంచే తిరుగుతుంది, విమానం దిగిన రోజు నుంచి కాదు. ఇక్కడ ప్రాజెక్టు అయ్యాక వెళ్దాం, పాప పరీక్షలయ్యాక వెళ్దాం అని రెండేళ్ళకు పైగా నెట్టినవాళ్ళకి మూడు ఆర్థిక సంవత్సరాలు అందులో ఇమడ్చడం తలకు మించిన పని.

ఇంకొకటి. ఆ నోటీసులో ఆదాయం అంకె ఉంటుంది, దాని మీద పన్ను ఉంటుంది. ఏ పని చేస్తే వచ్చిన ఆదాయమో ఉండదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా అసెస్ చేయించుకుని, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గానే రాష్ట్రం పిలిస్తే వెళ్ళినవాడు అడిలైడ్‌లో మూడేళ్ళూ వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు సర్దినా అతని మూడు నోటీసులూ చెల్లుతాయి. 191 దరఖాస్తులో ఆ మూడేళ్ళూ మీ వృత్తిలోనే పనిచేశారా అన్న ప్రశ్న లేదు.